పన్నెండు సబ్బుల రీకాల్

రెండేళ్లుగా ఇంట్లో సబ్బులు చేస్తున్నా. ఇప్పటిదాకా వచ్చినవాటిలో అన్నిటికంటే అందమైన బ్యాచ్ ఏదంటే, ఎవ్వరూ ఒంటికి రాసుకోకూడని బ్యాచ్. ఈ వారం ముచ్చట దాని గురించే.

ఈ కాలమ్ కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా హైదరాబాద్‌లో కోడ్ రాస్తా. శనివారం వచ్చిందంటే వంటగది నాది. మాది కోనసీమ. పండక్కి వెళ్లిన ప్రతిసారీ అమ్మ ఐదు లీటర్ల కొబ్బరినూనె డబ్బా బ్యాగులో పెట్టేస్తుంది. తలకి రాసుకుంటే మాత్రం ఎంత రాసుకుంటాం? ఆ నూనె ఏం చెయ్యాలో తెలీక మొదలైన పిచ్చి ఇది.

మొదట్లో చప్పగా, తెల్లగా ఉండే సబ్బులే చేశా. ఒకరోజు రాత్రి ఒంటిగంటకి రీల్స్ తిప్పుతుంటే ఒక వీడియో తగిలింది. ఒకావిడ పళ్లెంలాంటి వెడల్పాటి అచ్చులో రంగురంగుల సబ్బు పిండిని చారలు చారలుగా పోసి, దువ్వెనలాంటి దాంతో ఒక్కసారి లాగింది. అంతే, చారలన్నీ నెమలి ఈకలైపోయాయి. ఫోన్ పక్కన పడేసి కళ్లు మూసుకున్నా. కళ్ల ముందు ఈకలే.

ముందు లెక్క, తర్వాతే రంగు

సబ్బు చెయ్యడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రెడీమేడ్ సోప్ బేస్ కొని, కరిగించి, రంగు, వాసన కలిపి అచ్చులో పోసెయ్యడం. ఇంట్లో చిన్నపిల్లలుంటే, లేదా ఇదే మొదటిసారైతే, ఇదే మంచిది. రెండోది, నూనెల్ని కాస్టిక్ సోడాతో కలిపి మొదట్నుంచీ మనమే చెయ్యడం. దీన్ని కోల్డ్ ప్రాసెస్ అంటారు. నాది ఈ రెండో దారి.

కాస్టిక్ సోడా అంటే సోడియం హైడ్రాక్సైడ్. ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన ముక్కే: నూనె, క్షారం కలిస్తే సబ్బు, గ్లిజరిన్ వస్తాయి. పోసేటప్పుడు చర్మాన్ని కాల్చే పదార్థం, ఒకట్రెండు రోజుల్లో ఒంటికి రాసుకునే సబ్బు అయిపోతుంది. కానీ లెక్క సరిగ్గా ఉంటేనే, కలపడం సరిగ్గా కుదిరితేనే.

ఆ లెక్క నూనె నూనెకీ మారుతుంది. కిలో కొబ్బరినూనె మొత్తం సబ్బుగా మారడానికి దాదాపు 183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. కిలో ఆలివ్ నూనెకి 135 గ్రాములు చాలు. అందుకే "ఈ నూనె లేదు, ఆ నూనె వేసేద్దాం" అనే వంటింటి సర్దుబాటు ఇక్కడ నడవదు. నా రెసిపీలో కిలో నూనెలుంటాయి: ఆలివ్ 500 గ్రాములు, కొబ్బరి 300, తవుడు నూనె 150, ఆముదం 50. వీటికి లెక్క ప్రకారం దాదాపు 149 గ్రాముల కాస్టిక్ కావాలి. కానీ 5 శాతం తగ్గించి 141 గ్రాములే వేస్తా, 282 గ్రాముల నీళ్లలో. అంటే చివరికి కాస్త నూనె మిగలాలి, క్షారం మాత్రం మిగలకూడదు. ఆ 5 శాతమే మన చర్మానికీ కాస్టిక్‌కీ మధ్య ఉన్న గోడ.

చెయ్యాలనుకునేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి. నీళ్లలోకి కాస్టిక్ వెయ్యాలి, కాస్టిక్ మీద నీళ్లు పొయ్యకూడదు. అల్యూమినియం గిన్నె ముట్టుకోవద్దు, క్షారం దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. స్టీలు గిన్నె వాడండి. కళ్లకి అద్దాలు, చేతులకి గ్లవ్స్, తెరిచిన కిటికీ తప్పనిసరి. ఒంటి మీద పడితే నిమ్మకాయ, వెనిగర్ అని వెతుక్కోవద్దు. వెంటనే కుళాయి కింద పెట్టి పావుగంటకి తక్కువ కాకుండా కడగండి. కంట్లో పడితే అలాగే బాగా కడిగి నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

రంగుల సంగతి ఇంకో కథ. మన వంటింటి రంగులు చాలావరకు క్షారం ముందు నిలబడవు. బీట్‌రూట్ వేశా, మట్టిరంగుకి తిరిగింది. మందారం వేశా, బూడిదరంగైంది. పసుపు వేస్తే ఎర్రబడింది. అదేంటి అని కంగారుపడి అమ్మకి ఫోన్ చేస్తే నవ్వింది. "పసుపులో సున్నం కలిపితే పారాణి అవదేంట్రా? ఇంజినీరింగ్‌లో ఏం చెప్పార్రా నీకు?" అంది. నిజమే, సున్నమూ క్షారమే. సబ్బు ఆరేకొద్దీ ఆ ఎరుపు తగ్గి మళ్లీ పసుపు వైపు వస్తుంది. వెలుగు తగిలితే అదీ వెలిసిపోతుంది. పడుతూ లేస్తూ చివరికి నాలుగు రంగుల దగ్గర ఆగా: నీలిమందు నీలం, నూనెలో నానబెట్టిన జాఫ్రా గింజల నారింజ, యాక్టివేటెడ్ చార్‌కోల్ నలుపు, టైటానియం డయాక్సైడ్ తెలుపు.

ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెప్పాలి. మిషెల్ యూజీన్ షెవ్రెల్ అని ఫ్రెంచ్ కెమిస్ట్. నూనెలు, కొవ్వులు అసలు దేనితో తయారవుతాయి, సబ్బు అయ్యేటప్పుడు లోపల ఏం జరుగుతుంది అన్నది తేల్చి 1823లో పుస్తకం రాశాడు. ఆ తర్వాత పారిస్‌లో గోబెలిన్స్ అనే నేత కార్ఖానాలో రంగుల అద్దకం విభాగానికి అధిపతిగా వెళ్లాడు. అక్కడ నలుపు దారం సరైన నలుపులా కనిపించట్లేదని ఫిర్యాదులు. తీరా చూస్తే తప్పు రంగుది కాదు, పక్కన నేసిన రంగులది. ఒక రంగు ఎలా కనిపిస్తుందన్నది దాని పక్కన ఏముందన్నదాన్ని బట్టి ఉంటుందని 1839లో ఇంకో పెద్ద పుస్తకం రాశాడు. సబ్బు లోపలి కెమిస్ట్రీ చెప్పినాయనే, పైన రంగుల మాయ కూడా చెప్పాడు. నీలం పక్కన నారింజ ఎందుకంత మెరుస్తుందో నాకు ఆయన వల్లే అర్థమైంది. ఆయన మొదటి పుస్తకంలో సగం బుద్ధి నాకుంటే ఈ కాలమ్ రాయాల్సిన పని ఉండేది కాదు.

దోసెపిండా, గారెల పిండా

రంగుల సబ్బులో అసలు ఆట అంతా పిండి చిక్కదనంలో ఉంది. నూనెల్లో కాస్టిక్ నీళ్లు పోసి హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పుతుంటే మెల్లగా చిక్కబడుతుంది. గరిటెతో కొంచెం తీసి పైన జారవిడిస్తే ఆ గీత ఒక క్షణం పైన నిలిచి లోపలికి దిగిపోవాలి. ఆ దశని ట్రేస్ అంటారు.

నేను మాత్రం టిఫిన్ భాషలో గుర్తుపెట్టుకుంటా. పల్చటి దోసెపిండిలా ఉంటే సన్నగీతలు వస్తాయి. బజ్జీ పిండిలా ఉంటే ఒక రంగు మీద ఇంకో రంగు పొరలుగా నిలుస్తుంది, లోపల హ్యాంగర్ తీగ పెట్టి తిప్పితే మెలికలు పడతాయి. గారెల పిండి అయిందా, ఇక చెంచాతో అచ్చులోకి నొక్కుకోవడమే. డిజైన్ ఆశలు వదులుకోవాలి. ఒకసారి మల్లెపూల సెంటు పోసిన ముప్ఫై సెకన్లకే మొత్తం గిన్నె గారెల పిండి అయిపోయింది. కొన్ని పూల సెంట్లకి ఆ గుణం ఉంది.

నెమలి డిజైన్‌కి మాత్రం బాగా పల్చగా ఉండాలి. అడుగున తెల్ల పిండి పరిచి, దాని మీద సీసాలతో సన్నటి చారలు పొయ్యాలి. ముందు ఒక సన్నపుల్లతో అడ్డంగా గీతలు లాగాలి. తర్వాత అట్టముక్కకి వరసగా టూత్‌పిక్‌లు గుచ్చిన దువ్వెనతో పైనుంచి కిందికి ఒక లాగు. ఆఖర్న అదే దువ్వెనతో పాములా మెలికలు. టర్కీలో ఎబ్రూ అని, నీళ్ల మీద రంగులు తేల్చి, గీసి, కాగితానికి అద్దే పాత కళ ఉంది. ఈ దువ్వెన ఆటకి మూలం ఆ కాగితాల పనిలోనే ఉంది. ఒక్కో లాగుకీ ఒకటే అవకాశం. ముగ్గు తప్పితే చెరిపి మళ్లీ వెయ్యొచ్చు. ఇక్కడ చెరపడం ఉండదు.

మొదటి మూడు ప్రయత్నాల్లో, దువ్వెన దాకా వచ్చేసరికి పిండి చిక్కబడిపోయింది. ఈకలు కాస్తా చిందరవందరగా వచ్చాయి. నాలుగోసారి ఒక తెలివైన ఉపాయం తట్టింది. తక్కువ తిప్పితే పల్చగా ఉంటుంది కదా? బ్లెండర్ నాలుగైదు సార్లు టక్ టక్‌మని నొక్కి ఆపేశా. పిండి నీళ్లలా ఉంది. పైన అక్కడక్కడా నూనె మెరుపు కనిపించింది. కనిపించిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నా. అప్పుడు మాత్రం "పర్లేదులే, పోస్తుంటే కలిసిపోతుంది" అనుకున్నా.

దువ్వెన వెన్నలో కత్తిలా దిగింది. ఒక్క గీత తప్పలేదు. నీలం, నారింజ, నలుపు, తెలుపు. వంటగదిలో ఒక్కణ్ణే నిలబడి గట్టిగా "అబ్బా!" అన్నా.

మర్నాడు చూస్తే పైన పల్చటి నూనె పొర. సాయంత్రానికి చాలావరకు ఇంకిపోయింది. "చెమట పట్టిందిలే" అనుకున్నా. అచ్చులోంచి తీస్తే అడుగున రెండు మూడు తడి చుక్కలు. తుడిచేశా. అడుగు వైపు సుద్దముక్కలా పొడిగా ఉంది. "టైటానియం తెలుపు కదా, అలాగే ఉంటుంది" అనుకున్నా. పన్నెండు ముక్కలు కోసి అల్మారాలో ఆరబెట్టా. నాలుగు వారాల తర్వాత తడివేలితో ఒకదాని పైభాగం రుద్ది నాలుక కొసకి తాకించా. క్షారం మిగిలి ఉంటే నాలుకకి బ్యాటరీ తగిలినట్టు చుర్రుమంటుంది. ఏమీ అనలేదు. పాస్!

బటర్ పేపర్‌లో చుట్టి, జనపనార దారం కట్టి పంచేశా. టీమ్‌లో ఐదుగురికి, మేనేజర్‌కి, రూమ్మేట్‌కి, ఇంటి ఓనర్ ఆంటీకి, వాచ్‌మన్ అన్నకి, కొరియర్‌లో అమ్మకి. మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్ చేసే అక్కకి ఒకటి. ఒకటి ఫొటోల కోసం నేనే ఉంచుకున్నా.

"మంచిగుంది సార్"

ఫొటో పెట్టగానే "ఎంతకిస్తావ్?" అని మెసేజ్‌లు. నేనూ ఊహల్లోకి వెళ్లిపోయా. పేరు, లోగో, రేటు. ఆ తర్వాత తెలిసింది, మన దేశంలో సబ్బు కూడా కాస్మెటిక్ కిందికే వస్తుందని, అమ్మకానికి తయారుచెయ్యాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు ఉండాలని. కాస్త విసుక్కున్నా. చిన్నవాళ్ల మీద ఇదొక బరువు అనుకున్నా. ఇప్పుడలా అనుకోవట్లేదు.

అక్క ఎదురైనప్పుడు అడిగా. "సబ్బు ఎలా ఉందక్కా?"

"మంచిగుంది సార్."

రెండు రోజులకి మళ్లీ అడిగా. మళ్లీ అదే మాట. ఐదో రోజు పాంట్రీలో కప్పు అందిస్తుంటే చెయ్యి చూశా. వేళ్ల సందుల్లో ఎర్రగా, రెండు చోట్ల చర్మం పగిలి ఉంది.

"ఏమైందక్కా ఇది?"

"ఏం లేదు సార్. నీళ్లల్ల చేతులు పెడ్తుంటం గదా, గట్లనే ఉంటది."

"ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

ఆమె కాసేపు కప్పుల వైపు చూసింది. "ఏమనుకోనంటే ఒకటి చెప్త సార్. గా సబ్బుతోని కడుక్కుంటే జర మంటైతుంది. మీరు ప్రేమతోని ఇచ్చిన్రు. మంచిగ లేదని ఎట్ల చెప్పాలె?"

"ఎన్ని రోజుల్నుంచి?"

"ఐదు దినాలైతుంది."

మా యాప్‌లో ఒక బటన్ రెండు పిక్సెల్స్ పక్కకి జరిగితే ఐదు నిమిషాల్లో ముగ్గురు టికెట్ పెడతారు. ఈమె ఐదు రోజులు మంట ఓర్చుకుని, నేను అడిగిన ప్రతిసారీ మంచిగుందని చెప్పింది. ఎందుకంటే నేను సార్‌ని. ఇచ్చింది బహుమతి. బగ్ రిపోర్ట్ రాసే ధైర్యం అందరికీ ఒకేలా ఉండదని అంతకుముందు ఎప్పుడూ నా బుర్రకి తట్టలేదు.

ఇంటికెళ్లి నా దగ్గరున్న ముక్క విప్పా. పైన నాలుక పరీక్ష: ఏమీ లేదు. తిప్పి అడుగున రుద్ది తాకించా. చుర్రుమంది. వెంటనే నోరు కడుక్కున్నా, కానీ గంటదాకా నాలుక తిమ్మిరి వదల్లేదు.

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. నూనె, కాస్టిక్ నీళ్లు పూర్తిగా కలవకముందే పోసేశా. అచ్చులో నెమ్మదిగా విడిపోయాయి. నూనె తేలిక, పైకి తేలింది. కాస్టిక్ నీళ్లు బరువు, అడుక్కి దిగాయి. కాబట్టి ఈకలున్న పైపొర మెత్తగా, జిడ్డుగా, క్షేమంగా ఉంది. క్షారమంతా కింది పొరలో ఉంది. తూకం తప్పలేదు. 141 గ్రాములు సరిగ్గానే వేశా. కానీ మొత్తం మీద సరైన లెక్క, ముక్కముక్కకీ సరైనది కాదు. తెల్లటి సుద్దలాంటి ఆ క్షారాన్ని తెల్లరంగు దాచేసింది. నేను ఫ్రంట్ ఎండ్ చూసి రిలీజ్ చేశా. బ్యాక్ ఎండ్ ముట్టుకోలేదు.

పన్నెండూ వెనక్కి

ఆఫీసులో తప్పు జరిగితే పాత వెర్షన్‌కి రోల్‌బ్యాక్ చేస్తాం. ఒక కమాండ్. సబ్బుకి అలాంటిది లేదు. బండి తియ్యాలి, ఇంటింటికీ వెళ్లాలి.

ముందు వాట్సాప్‌లో మెసేజ్ రాశా. మొదటి డ్రాఫ్ట్ అచ్చం కంపెనీ మెయిల్‌లా వచ్చింది: "చిన్న క్వాలిటీ సమస్య గమనించాం, ముందుజాగ్రత్తగా..." గమనించాం ఏంటి, గమనించింది నేను కూడా కాదు. చెరిపేసి మళ్లీ రాశా. "నేనిచ్చిన సబ్బు వాడకండి. అందులో కాస్టిక్ సోడా మిగిలిపోయింది. తప్పు నాది. ఈ రాత్రే వచ్చి తీసుకుంటా. ఎవరికైనా మంట, దురద ఉంటే చెప్పండి, డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తా." సెండ్ నొక్కడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను ఆలోచించింది వాళ్ల చర్మం గురించి కాదు, నా పరువు గురించి. సిగ్గుగా ఉంది కానీ అదే నిజం.

టీమ్‌లో ముగ్గురు కాగితం కూడా విప్పలేదు. "ఇంత బాగుంటే వాడబుద్ధి ఎలా అవుతుందిరా?" అన్నాడొకడు. అందమే వాడిని కాపాడింది. మిగతా ఇద్దరూ ఒకట్రెండు సార్లు చేతులు కడుక్కున్నారు, ఏమీ కాలేదు. మేనేజర్ రెండుసార్లు స్నానం చేశారట. "ఒళ్లు పొడిబారితే ఏసీ వల్ల అనుకున్నాలే" అని నవ్వేశారు. రూమ్మేట్ సబ్బు ఇంకా వాడి బ్యాగులోనే ఉంది. వాచ్‌మన్ అన్న వాళ్లావిడ దాంతో గిన్నెలు తోమిందట. "జిడ్డు మస్తు పోతుంది" అని మెచ్చుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అమ్మకి ఫోన్ చేశా. "దాన్ని వాడలేదురా. వాసన బాగుందని పట్టుచీరల మధ్యలో పెట్టా" అంది. పట్టుకి క్షారం పడదు. కాగితం విప్పకుండా, చేతికి కవరు కట్టుకుని తీసి పక్కన పెట్టమన్నా. "సబ్బు పంపావా, బాంబు పంపావా?" అంది.

తొమ్మిది లెక్క తేలాయి. పదోది ఓనర్ ఆంటీది. తలుపు కొడితే ఆవిడ తాపీగా, "అది మా అమ్మాయికిచ్చేశా బాబూ. మొన్న వచ్చినప్పుడు తీసుకెళ్లింది. ఇంట్లో చంటిపిల్లాడున్నాడు కదా, హ్యాండ్‌మేడ్ అయితే మంచిదని" అన్నారు.

పిల్లాడి వయసు ఎనిమిది నెలలు.

ఆంటీ ఫోన్ చేస్తే వాళ్లమ్మాయి ఎత్తలేదు. అడ్రస్ తీసుకుని వనస్థలిపురం బయల్దేరా. మియాపూర్ నుంచి వనస్థలిపురం అంటే ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకి. దారి పొడవునా ఆ చుర్రుమన్న నాలుకే గుర్తుకొచ్చింది. నా నాలుకకే అలా ఉంటే ఆ చర్మానికి?

ఆవిడ తలుపు తీసేసరికి తొమ్మిదిన్నర. నేను ఎవరో, ఎందుకొచ్చానో ఒక్క గుక్కలో చెప్పేశా. ఆవిడ లోపలికెళ్లి సబ్బు పట్టుకొచ్చారు. కాగితం విప్పి ఉంది. తడిసి ఉంది.

"బాబుకి వాడారా అండీ?"

"అయ్యో, లేదండీ. వాడికి సున్నిపిండేనండి, మా అత్తగారు వేరేది ముట్టుకోనివ్వరు. ఇది చేతులు కడుక్కోవడానికి సింక్ దగ్గర పెట్టా, ఇవాళే."

ఆవిడ చేతులకేం కాలేదు. మెట్ల మీద కాసేపు కూర్చున్నా. లేవాలంటే కాళ్లలో సత్తువ లేదు. మనం పాతకాలం అని నవ్వే సున్నిపిండి, ఆ అత్తగారి మొండితనం, ఆ రాత్రి నన్ను కాపాడాయి.

మర్నాడు అక్క దగ్గర పదకొండోది తీసుకున్నా. చర్మ డాక్టర్ దగ్గరికి రమ్మంటే ముందు ఒప్పుకోలేదు. "సూపర్‌వైజర్‌కి తెలుస్తే బాగుండదు సార్" అంది. తప్పు నాదని సూపర్‌వైజర్‌కి నేనే చెప్తానన్నాక వచ్చింది. డాక్టర్ ఆయింట్‌మెంట్ రాసి, పది రోజులు ఫినాయిల్, యాసిడ్ జోలికి వెళ్లొద్దన్నారు. ఫినాయిల్ ముట్టుకోకుండా హౌస్‌కీపింగ్ ఎలా? సెలవు పెడితే జీతం కట్. సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఆ పది రోజులూ జీతం తగ్గకుండా రిసెప్షన్ దగ్గర పని వేయించా. అది నేను చేసిన మంచి కాదు, నేను చేసిన చెడుకి చెల్లించాల్సిన బాకీలో కొంత.

ఇప్పుడు ఎలా చేస్తున్నానంటే

పిండి పల్చగా ఉండాలంటే తక్కువ కలపడం దారి కాదు. నెమ్మదిగా చిక్కబడే నూనెలు తీసుకోవడం దారి. ఆలివ్, తవుడు నూనె ఎక్కువ, కొబ్బరి తక్కువ ఉండాలి. నూనె, కాస్టిక్ నీళ్లు రెండూ గది వేడికి దగ్గరగా చల్లారాక కలపాలి. సెంటు ముందు చిన్న గిన్నెలో పరీక్షించాలి. అప్పుడు పూర్తిగా కలిపాక కూడా దువ్వెనకి కావలసినంత టైమ్ మిగులుతుంది.

కలిసిందో లేదో ఇలా చూస్తా: బ్లెండర్ ఆపి రెండు నిమిషాలు వదిలేస్తా. పైన ఒక్క నూనె గీత కనిపించినా పొయ్యను, మళ్లీ తిప్పుతా. గరిటె వెనక నున్నగా, ఒకే రంగు పొర అంటుకోవాలి. ఈకలు పాడైతే పాడవనీ.

కోశాక, ఆరాక, ప్రతి ముక్కకీ పైన, అడుగున, మధ్యలో పరీక్ష. నాలుక ఒక్కటే కాదు, ఫినాల్ఫ్తలీన్ చుక్క కూడా. కాలేజీ ల్యాబ్‌లో టైట్రేషన్‌కి వాడిన అదే సీసా మందు. ముదురు గులాబీ రంగు వచ్చిందంటే ఆ ముక్క ఎవరికీ వెళ్లదు. ప్రతి బ్యాచ్‌కీ నంబర్, తేదీ, తూకాలు, ఎవరికిచ్చానో పేర్లు నోట్‌బుక్‌లో రాస్తా. ఇచ్చేటప్పుడు "ఎలా ఉంది?" అని మాత్రం అడగను. "మంట గానీ, దురద గానీ, ఏమైనా తేడా ఉందా?" అని అడుగుతా. మొదటి ప్రశ్నకి మర్యాదగల మనిషి దగ్గర ఒకటే జవాబు ఉంటుంది.

అమ్మ దగ్గరున్నది కూడా తెప్పించా. వెనక్కొచ్చిన వాటిలో ఒకటి గాజు సీసాలో నా టేబుల్ మీద ఉంది. ఈకలు ఇప్పటికీ అంతే అందంగా ఉన్నాయి. మిగతావి తురిమి, గ్లవ్స్ వేసుకుని బాత్‌రూమ్ టైల్స్ కడుక్కుంటున్నా.

తర్వాతి బ్యాచ్ ఆరు వారాలు ఆరబెట్టా. అక్కకి ఇవ్వాలా వద్దా అని చాలా ఆలోచించి, చివరికి ఆమె చెయ్యి పూర్తిగా మానాక, పరీక్ష ఎలా చెయ్యాలో చూపించి, "నమ్మకం కుదిరితేనే తీసుకో అక్కా" అన్నా. ఆమె కాగితం విప్పింది. వేలు తడిపి పైన రుద్దింది, నాలుకకి తాకించింది. తిప్పి అడుగున రుద్దింది, మళ్లీ తాకించింది. నేను ఊపిరి బిగపట్టి చూస్తున్నా.

"సల్లగనే ఉంది సార్" అంది.

తర్వాత సబ్బుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఒక క్షణం ఆగి, నా మొహంలోకి సూటిగా చూసి చెప్పింది.

"గాని రంగులు అప్పటి లెక్క మంచిగ రాలే."